నల్లపొగ, తెల్లబడిన ఆయిల్: పడవ ఇంజిన్ల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాకు విశాఖ ఫిషింగ్ హార్బరులో ఒక సోనా బోటు (వల లాగే చెక్క మరపడవ) ఉంది. నిరుడు వేట నిషేధం రోజుల్లో పాత 100 హార్స్‌పవర్ ఇంజిన్ తీసేసి, లారీ నుంచి తీసి పడవకు అనువుగా మార్చిన 140 హార్స్‌పవర్ ఇంజిన్ వేయించాను. ఇంజిన్ పెద్దది కదా అని ప్రొపెల్లరును కూడా పెద్దదే వేయించాను. వేగం అర నాటు (గంటకు దాదాపు ఒక కిలోమీటరు) కూడా పెరగలేదు. డీజిల్ మాత్రం విపరీతంగా తాగుతోంది, చిమ్నీ నుంచి నల్లపొగ ఆగడం లేదు. నిమిషానికి 2000 చుట్లు తిరగాలని చెప్పిన ఇంజిన్ లివరు మొత్తం నెట్టినా 1650 దాటడం లేదు. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు రెండుసార్లు బాగు చేయించాను. ఇంకేం చేయాలి?
— ఒక బోటు యజమాని, ఫిషింగ్ హార్బరు

జవాబు: మూడోసారి ఇంజెక్టర్లు విప్పించకండి. జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. 2000 చుట్లు తిరగవలసిన ఇంజిన్ 1650 దగ్గర ఆగిపోతోందంటే, మోయలేని బరువును దాని మెడకు కట్టారని అర్థం. ఆ బరువు మీరు కొత్తగా వేయించిన ప్రొపెల్లరే.

లోపల జరిగేది ఇది. మీరు లివరు ముందుకు నెట్టినప్పుడు ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే గవర్నరు అనే భాగానికి అందే ఆజ్ఞ 'ఇన్ని చుట్లు తిప్పు' అనే. చుట్లు అందకపోతే అది పంపును పూర్తిగా తెరిచి, పోయగలిగినంత డీజిల్ పోస్తుంది. అయితే ఇంజిన్ పీల్చే గాలి దాని చుట్ల మీద ఆధారపడి ఉంటుంది. చుట్లు తగ్గితే గాలి తగ్గుతుంది, టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే పరికరం) ఉన్న ఇంజిన్‌లో మరీ తగ్గుతుంది. గాలి చాలక కాలకుండా మిగిలిన డీజిలే మసిగా మారి నల్లపొగ రూపంలో బయటికి వస్తుంది. అంటే మీ చిమ్నీ మీద కనిపిస్తున్నది మీరు డబ్బు పోసి కొన్న డీజిలే. ఇదే స్థితిలో నెలల తరబడి నడిపితే ఎగ్జాస్టు వాల్వులు కాలిపోతాయి, పిస్టన్ రింగులు మసితో బిగుసుకుపోతాయి. అప్పుడు నిజంగానే ఇంజిన్ పాడవుతుంది, తప్పు మాత్రం ఇంజిన్ ఖాతాలో పడుతుంది.

లారీకీ పడవకూ ఉన్న తేడాను చాలామంది పట్టించుకోరు. లారీ డ్రైవరుకు ఐదారు గేర్లు ఉంటాయి, ఎత్తు వస్తే గేరు మారుస్తాడు, దిగుడు వస్తే ఇంజిన్‌కు విశ్రాంతి దొరుకుతుంది. పడవకు ముందుకు ఒకటే గేరు, దిగుడు అనేదే లేదు. సింహాచలం ఘాట్ రోడ్డును ఒకే గేరులో పగలూ రాత్రీ ఎక్కుతూనే ఉండటంలాంటిది దాని పని. అందుకే లారీలో కొంతసేపు 140 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్‌ను పడవలో రోజుల తరబడి అదే శక్తితో నడపకూడదు. పడవలో నిరంతరంగా వాడుకోదగిన శక్తి అంతకంటే తక్కువగానే ఉంటుంది. మీకు అమ్మినవారు ఆ రెండో అంకె చెప్పారో లేదో అడిగి తెలుసుకోండి.

వేగం ఎందుకు పెరగలేదని కూడా అడిగారు. నీటిని చీల్చుకుంటూ పోయే మన చెక్క బోట్లకు పొడవును బట్టి ఒక హద్దు ఉంటుంది. నీటిని తాకే పొడవు అడుగుల్లో ఎంతో చూసి, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాట్లలో ఆ హద్దు వస్తుంది. 40 అడుగులకు అది దాదాపు 8.5 నాట్లు. ఆ దరిదాపులకు చేరిన తరువాత పడవ తాను లేపిన అలనే తాను ఎక్కవలసి వస్తుంది. అక్కడి నుంచి ఎంత శక్తి పోసినా అలలు పెద్దవవుతాయే తప్ప ప్రయాణం త్వరగా ముగియదు. నా అభిప్రాయం అడిగితే, మీ పాత 100 హార్స్‌పవర్ ఇంజిన్‌ను బోరింగు (అరిగిన సిలిండర్లను లోపల చెక్కి సరిచేయడం) చేయించుకుని ఉంటే సరిపోయేది.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. ముందుగా పడవ అడుగును గీకించి, నాచూ గుల్లలూ లేకుండా చేయండి, ఎందుకంటే మురికి పట్టిన అడుగు కూడా ఇదే లక్షణాన్ని చూపిస్తుంది. తరువాత సముద్రం ప్రశాంతంగా ఉన్న ఉదయం, డీజిలూ ఐసూ మామూలు వేటకు నింపినంత నింపుకుని, హార్బరు దాటి డాల్ఫిన్స్ నోస్ కొండకు దూరంగా లోతు నీటిలోకి వెళ్లండి. లివరు పూర్తిగా నెట్టి, చేతితో పట్టుకునే టాకోమీటరుతో చుట్లు కొలవండి. డ్యాష్‌బోర్డు మీద ఉన్న పాత మీటరును నమ్మవద్దు. ఆ సమయంలోనే ఇంజిన్ గది మూత ఒకసారి తెరిచి చూడండి. ఆరున్నర లీటర్ల ఇంజిన్ 2000 చుట్ల దగ్గర నిమిషానికి సుమారు ఆరున్నర ఘనమీటర్ల గాలి పీలుస్తుంది, టర్బో ఉంటే ఇంకా ఎక్కువ. తుంపర్లు పడతాయని మూత బిగించి నడిపే బోట్లలో గాలి చాలక పొగ రావడం నేను చాలాసార్లు చూశాను. మూత తీయగానే పొగ పలచబడితే గాలి దారి పెంచండి. మూత తీసినా చుట్లు 1650 దగ్గరే ఉంటే, ప్రొపెల్లరు పిచ్ తగ్గించాలి. పిచ్ అంటే ఒక చుట్టులో ప్రొపెల్లరు నీటిని తొలుచుకుంటూ ముందుకు పోవలసిన దూరం. ఎంత తగ్గించాలన్నది గేరు నిష్పత్తి, ప్రొపెల్లరు వ్యాసం, పడవ వేగం తెలిసినవారితో లెక్క వేయించుకోండి. మీది వల లాగే బోటు కనుక, ఆ లెక్కలో ఖాళీగా పరుగెత్తే వేగం కంటే రెండున్నర, మూడు నాట్ల దగ్గర వలను లాగే పనికి ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వమని చెప్పండి. పగలూ రాత్రీ మీకు కూడు పెట్టేది ఆ పనే.

ప్రొపెల్లరు సరిపోయిన తరువాత కూడా లివరును చివరికంటా నెట్టి నడపకండి. ప్రొపెల్లరుకు కావలసిన శక్తి చుట్ల ఘనంతో పెరుగుతుంది. చుట్లు పదో వంతు తగ్గిస్తే శక్తి నాలుగో వంతు కంటే ఎక్కువగా తగ్గుతుంది. 100 హార్స్‌పవర్ ఇంజిన్ పూర్తి బరువు మీద గంటకు ఇంచుమించు 20 లీటర్లు తాగితే, ఆ మాత్రం తగ్గించగానే 15 లీటర్లకు దిగుతుంది. వేట స్థలానికి పోనూ రానూ 30 గంటలు పట్టే బోటుకు 600 లీటర్లు ఖర్చవుతాయనుకుందాం. తగ్గించి నడిపితే 33 గంటలు పట్టినా 500 లీటర్ల లోపే అవుతుంది. లీటరుకు 9 రూపాయల రాయితీ కోసం బంకు దగ్గర వరుసలో నిలబడే మనం, మూడు గంటల ఆలస్యానికి 100 లీటర్లు మిగులుతాయంటే కాదనకూడదు.

ప్రశ్న: నేను బోటు డ్రైవరును. మొన్న వేట నుంచి వచ్చాక ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది. ఇంజిన్ మామూలుగానే నడుస్తోంది. సీజను బాగుంది, ఇంకొక్క వేట చేసి వచ్చాక విప్పుదామని యజమాని అంటున్నారు. ఫరవాలేదా?
— ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: వెళ్లవద్దు. ఈ ఉత్తరాన్ని మీ యజమానికి చూపించండి. ఆయిల్‌లో నీరు కలిసింది. నీరు కలిసిన ఆయిల్ తిరిగే ఇరుసైన క్రాంకుకూ, దాన్ని మోసే బేరింగులకూ మధ్య పొరగా నిలవదు. లోహం లోహాన్ని రాస్తుంది, ఆ చప్పుడు మీకు వినిపించే సరికి ఇక చేయగలిగింది ఉండదు.

వర్క్‌షాపులో పని నేర్చుకుంటున్న రోజుల్లో నేను కూడా ఒకసారి ఇలాంటి ఆయిల్ చూసి, కొత్త ఆయిల్ పోసి, 'ఈ ఒక్కసారికి వెళ్లిరండి' అని తల ఊపాను. ఆ బోటు ఒడ్డుకు చాలా దూరంలో క్రాంకు పట్టేసి ఆగిపోయింది. ఎనిమిది మంది రెండు రాత్రులు కొట్టుకుపోయారు, చివరికి ఇంకో బోటు తాడు వేసి లాక్కొచ్చింది. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. జెట్టీ మీద వాళ్ల ఇళ్ల ఆడవాళ్లు నిలబడి ఉన్న తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

నీరు ఎక్కడిదో తెలుసుకోవడానికి రాత్రంతా ఇంజిన్‌ను కదపకుండా ఉంచి, తెల్లవారాక ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే సంపు అడుగు బోల్టు కొద్దిగా వదులు చేసి, ముందుగా కారిన నీటిని గాజు గ్లాసులో పట్టండి. ఇంజిన్‌ను చల్లబరిచే నీరుండే హెడర్ ట్యాంకులో మంచినీరు తగ్గుతూ ఉంటే, ఆ నీరు ఆయిల్‌లోకి రాకుండా ఆపే హెడ్ గాస్కెట్‌ను, లైనరు రబ్బరు రింగులను అనుమానించండి. అది తగ్గకుండా, గ్లాసులోది ఉప్పునీరైతే ఆయిల్ కూలరు గొట్టం చిల్లు పడి ఉంటుంది, లేదా ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఎగ్జాస్టు గొట్టం గుండా సముద్రపు నీరు వెనక్కి వచ్చి ఉంటుంది. ఉప్పునీరు అని తేలితే ఒక్క రోజు కూడా ఆగకుండా విప్పించండి, ఎందుకంటే తుప్పు గంటల్లోనే మొదలవుతుంది.

ప్రశ్న: నా భర్త పోయిన తరువాత బోటును నేనే చూసుకుంటున్నాను. నిషేధం 61 రోజులూ ఇంజిన్‌ను ఎలా ఉంచాలి? ట్యాంకు నింపి ఉంచమని కొందరు, ఖాళీ చేయమని కొందరు అంటున్నారు.
— ఒక సోదరి, పెదజాలారిపేట

జవాబు: అమ్మా, ఏప్రిల్ 15 వచ్చేలోపే ఆయిల్ మార్పించండి, జూన్ 14 తరువాత మార్పిద్దామని ఆగవద్దు. వాడిన ఆయిల్‌లో మసితో పాటు ఆమ్లం కూడా ఉంటుంది, రెండు నెలలు కదలకుండా ఉంటే అది బేరింగులను తింటుంది. ఉప్పునీటి దారిలో మంచినీరు పంపించి కడిగించండి. నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లరును తీయించి విడిగా దాచండి, లేకపోతే దాని రెక్కలు వంగిన చోటే వంగి బిగుసుకుపోతాయి. కూలరులో, మిగతా లోహం తుప్పు పట్టకుండా తాము కరిగిపోయే జింకు కడ్డీలు సగం కరిగి ఉంటే కొత్తవి వేయించండి. పడవ అడుగున ఉన్న జింకు దిమ్మల మీద రంగు వేయనివ్వకండి, రంగు పడితే అవి పనిచేయవు. వారానికి ఒకసారి ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పించండి.

ట్యాంకు విషయంలో రెండు వర్గాలూ చెప్పేదానిలో నిజం ఉంది. సగం నిండిన ట్యాంకులో, మన విశాఖ ఉక్కపోతకు, రాత్రి గోడల మీద తేమ చేరి అడుగుకు దిగుతుంది. నీటికీ డీజిలుకూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది, వేటకు బయలుదేరిన మొదటి రోజే అది ఫిల్టరుకు అడ్డం పడుతుంది. అందుకే అంచు దాకా నింపమంటారు. కానీ 2023 నవంబరు 19 రాత్రి మన హార్బరులో అంటుకున్న మంట పక్కపక్కనే కట్టిన పదుల కొద్దీ బోట్లను కాల్చివేసిన సంగతి మీకు నేను చెప్పనవసరం లేదు. పక్క బోటుకు ఆనుకుని ఉన్న పడవలో రెండు నెలలు నిండు ట్యాంకు ఉంచమని నేను చెప్పలేను. ఖాళీ చేయించి, లోపల గుడ్డతో తుడిపించి, మూత బిగించండి. గ్యాసు సిలిండరును కూడా ఒడ్డుకు చేర్చండి.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి పాసయ్యాడు. బోటు ఇంజిన్ల పని పద్ధతిగా నేర్చుకోవాలని ఉంది. విశాఖలోనే అవకాశం ఉందా?
— ఒక తండ్రి, పూడిమడక

జవాబు: ఉంది. చేపల వేట, పడవల పనుల్లో శిక్షణ ఇచ్చే, సిఫ్‌నెట్ అని పిలిచే కేంద్ర ప్రభుత్వ సంస్థకు కొచ్చి ప్రధాన కేంద్రం కాగా, చెన్నైలోనూ మన విశాఖపట్నంలోనూ శాఖలు ఉన్నాయి. అక్కడ పదో తరగతి చదివినవారికి మెరైన్ ఫిట్టర్ కోర్సు రెండేళ్లు నేర్పిస్తారు. గణితం, సైన్సు మార్కులు చూస్తారు. ప్రవేశ ప్రకటన కోసం వాళ్ల కార్యాలయంలోనే నేరుగా విచారించండి. ఈలోగా మీ బోటు వేటకు పోయే ప్రతి ఉదయం అతనిచేత ట్యాంకు అడుగు కుళాయి తిప్పించి గాజు సీసాలో డీజిల్ పట్టించండి. అరగంట కదపకుండా ఉంచితే నీరు అడుగున గీత గీసినట్టు వేరుపడుతుంది. ఆ గీత ఏ రోజు ఎంత ఎత్తున ఉందో ఒక పుస్తకంలో రాసుకోమనండి.