ఎక్కడో ఎల్‌నినో వస్తే నా రొయ్యల మేత రేటు ఎందుకు పెరగాలి?

ప్రశ్న: 12 ఏళ్ళుగా రొయ్యలు సాగు చేస్తున్నాను. ఎల్‌నినో వల్ల మేతలో కలిపే చేపపిండికి కొరత వస్తుందని, మేత రేటు పెరుగుతుందని, ఇప్పుడే మూడు పంటలకు సరిపడా కొని పెట్టుకోమని డీలర్ తొందరపెడుతున్నారు. అసలు ఎల్‌నినోకూ సముద్రంలో చేపకూ ఏమిటి సంబంధం? ఇది ఒక ఏడాదితో పోయేదేనా, సముద్రమే మారిపోతోందా? – ఒక ఆక్వా రైతు

జవాబు: డీలర్ చెప్పిన కారణం నిజమే, ఇచ్చిన సలహా మాత్రం తప్పు. మేత సంగతి చివర్లో చెప్తాను. ముందు మీ చెరువులోకి దిగుదాం.

ఎండాకాలం మధ్యాహ్నం చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్ళెం) చూడ్డానికి దిగితే నడుము దగ్గర నీళ్ళు వెచ్చగా, పాదాల దగ్గర చల్లగా తగులుతాయి కదా. నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఆపేస్తే ఆ రెండు పొరలూ కలవవు. సముద్రంలోనూ అంతే, కాకపోతే అక్కడ ఎరువంతా కింది పొరలోనే ఉంటుంది. పైన చచ్చిన జీవాలన్నీ కిందికి దిగి, కుళ్ళి, నైట్రేటుగా ఫాస్ఫేటుగా మారి అక్కడే నిలవుంటాయి. నీటిలో తేలుతూ చేపలకు మేతయ్యే సూక్ష్మజీవులు, అంటే ప్లాంక్టన్‌కు కావలసిన వెలుతురేమో పైన. కింది నీరు పైకొచ్చి ఈ రెండూ కలిసిన చోటే చేప దండిగా ఉంటుంది.

దక్షిణ అమెరికాలో పసిఫిక్ ఒడ్డున ఉన్న పెరూ తీరంలో ఏరేటర్ పని గాలి చేస్తుంది. తీరం వెంబడి వీచే గాలికి పైనీరు నడిసముద్రం వైపు జరిగిపోతే, దాని చోటులోకి కింది చల్లని నీరు ఎగదన్నుకొస్తుంది. అక్కడి ప్లాంక్టన్ తిని పెరిగే చేప ఆంచోవెటా. మన నెత్తళ్ళ జాతే. ప్రపంచ మార్కెట్‌కు వచ్చే చేపపిండిలో పెద్ద వాటా దానిదే. నాలుగు కిలోలకు పైగా పచ్చిచేపను ఉడికించి, నూనె తీసి, ఎండబెట్టి మరపడితే వచ్చేది ఒక్క కిలో పిండి.

ఎల్‌నినో ఏడాది పసిఫిక్ మీద తూర్పు నుంచి పడమరకు వీచే గాలులు నీరసపడతాయి. పడమట పోగుపడిన వెచ్చని నీరు వెనక్కి మళ్ళి పెరూ వైపు పరుచుకుంటుంది, చల్లని పొర లోతుకు దిగిపోతుంది. తీరంలో గాలి వీచినా పైకొచ్చేది ఎరువు లేని వెచ్చని నీరే. చెరువు గట్టు మీద మీరనే మాటలోనే చెప్పాలంటే, ప్లాంక్టన్ పడిపోతుంది. అప్పుడు చేప వెంటనే చావదు. చల్లదనం మిగిలిన ఒడ్డు దగ్గరి చోట్లలో కిక్కిరిసి చేరుతుంది. 1972 మొదట్లో అదే జరిగింది. చేప ఒడ్డునే దొరుకుతోందని పడవలు ఎడాపెడా పట్టేశాయి. 1970లో కోటీ 20 లక్షల టన్నులు దాటిన పట్టుబడి 1973లో 20 లక్షల టన్నుల దరిదాపులకు వచ్చేసింది. చేపపిండి దొరక్క మేత తయారీదారులు సోయా మీద పడ్డారు. అదొక్కటే కారణం కాదు గానీ, 1973 జూన్‌లో అమెరికా కొన్నాళ్ళు సోయా ఎగుమతులే ఆపేసింది. 2023లోనూ తీరం వేడెక్కి, చిన్న చేపలే ఎక్కువ కనిపించడంతో పెరూ ఉత్తర, మధ్య తీరంలో ఆ ఏడాది మొదటి వేట సీజన్‌ను రద్దు చేసింది.

ఎల్‌నినో రెండేళ్ళ నుంచి ఏడేళ్ళకోసారి వచ్చిపోయేది. ఆంచోవెటా ఏడాది వయసుకే గుడ్లు పెడుతుంది కాబట్టి ఒక చెడ్డ ఏడాది నుంచి తేరుకోవడం దానికి కష్టం కాదు. మరి 1973 తర్వాత 1990ల దాకా పాత స్థాయికి ఎందుకు రాలేదు? ఒకటి, అతిగా పట్టడం. రెండోది, 1976-77లో పసిఫిక్‌లో వెచ్చని చోట్లు, చల్లని చోట్లు తారుమారై, సముద్రం మొత్తం ఒక దశ నుంచి ఇంకో దశలోకి మారడం. 20, 30 ఏళ్ళు నడిచే ఈ ఊపుకు 1997లో శాస్త్రవేత్తలు పసిఫిక్ డెకాడల్ ఆసిలేషన్ అని పేరు పెట్టారు. విశేషమేమిటంటే వాళ్ళు వెతుకుతున్నది వాతావరణం గురించి కాదు, సాల్మన్ చేప గురించి. అలాస్కాలో సాల్మన్ బాగా పడిన దశలోనే దానికి దక్షిణాన ఉన్న వాషింగ్టన్, ఓరెగన్ రాష్ట్రాల తీరాల్లో తగ్గడం చూసి, దాని కారణం వెతుకుతూ ఇక్కడికి వచ్చారు.

1976-77 తర్వాతి ఆ దశలో ఆంచోవెటా తగ్గితే కవళ్ళు పెరిగాయి. పెరూ వైపు నీరు వేడెక్కి, జపాన్ వైపు చల్లబడిందంటే రెండు చోట్లా కవళ్ళకే కలిసొచ్చింది. 1988లో జపాన్ కవళ్ళ పట్టుబడి సుమారు 45 లక్షల టన్నులు. తర్వాత కొద్ది ఏళ్ళలోనే అది కుప్పకూలింది. అందుకే వేడి మంచిది, చలి చెడ్డది అన్న ఒకే సూత్రం సముద్రంలో పనికిరాదు. ఏ తీరం, ఏ చేప అన్నది చూడాలి.

ఇదంతా వలల వల్లేనేమో అని మీకు అనుమానం రావచ్చు. కాలిఫోర్నియా దగ్గర సముద్రంలో శాంటా బార్బరా అనే లోతైన గుంట ఉంది. అడుగున ఆక్సిజన్ దాదాపు ఉండదు, బురదను కెలికే పురుగులు బతకవు. దాంతో ఏ ఏటి బురద ఆ ఏటిదిగా, కాగితాల కట్టలా పేరుకుంటుంది. గొట్టం దించి ఆ బురద తీసి, ఒక్కో పొరలో ఎన్ని కవళ్ళ పొలుసులు, ఎన్ని నెత్తళ్ళ పొలుసులు ఉన్నాయో మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టారు. సుమారు 1,700 ఏళ్ళ చిట్టా అది. మోటారు పడవ లేని శతాబ్దాల్లోనూ కవళ్ళు పెరగడం, దాదాపు మాయమవడం, మళ్ళీ రావడం అందులో కనిపిస్తుంది. నాకు ఏ కంప్యూటర్ గ్రాఫ్ కన్నా ఆ బురద మీదే గురి ఎక్కువ. అయితే చేప సహజంగా తగ్గే దశలో కూడా మంచి రోజుల్లో పట్టినంతే పడితే, అది తిరిగి లేవడానికి చాలా ఏళ్ళు పడుతుంది. ఆ తప్పు మాత్రం వలలదే.

సముద్రమే మారిపోతోందా అన్నారు. అవును, ఈ ఊపులు వచ్చిపోతున్నా మొత్తం మీద సముద్రం వేడెక్కుతూనే ఉంది. భూమి మీద అదనంగా చేరుతున్న వేడిలో 90 శాతానికి పైగా సముద్రమే మింగుతోంది. వెచ్చని నీటిలో డీఓ (కరిగి ఉండే ఆక్సిజన్) తక్కువ నిలుస్తుందని తెల్లవారుజామున మీటర్ పట్టుకుని తిరిగే మీకు నేను చెప్పక్కర్లేదు. పై పొర వెచ్చబడేకొద్దీ కింది పొరతో కలవడమూ కష్టమవుతుంది. కాబట్టి ముందుముందు వచ్చే ఎల్‌నినోలు ఇప్పటికే వేడెక్కిన నీటి మీద వస్తాయి.

ఇక మేత. మూడు పంటలకు కొనకండి. తయారైన మూడు నెలలకే విటమిన్లు తగ్గుతాయి, నూనె మక్కు వాసన వేస్తుంది, చెమ్మ తగిలితే బూజు పడుతుంది. రేటులో మిగిల్చింది అక్కడే పోతుంది. పెరూలో ఏటా రెండు వేట సీజన్లు: మొదటిది ఏప్రిల్ ప్రాంతంలో, రెండోది నవంబరు ప్రాంతంలో మొదలవుతుంది. ప్రతిసారీ ముందుగా ఇమార్పె అనే వాళ్ళ సముద్ర పరిశోధన సంస్థ ఓడల్లో వెళ్ళి చేప ఎంతుందో అంచనా కడుతుంది, దాన్నిబట్టి ప్రభుత్వం కోటా ప్రకటిస్తుంది. డీలర్ మాట కన్నా ఆ వార్త చూడండి. కోటా బాగా తగ్గినా, సీజన్ రద్దయినా ఒక నెల మేత అదనంగా పెట్టుకోండి, చాలు.

చేపపిండి ప్రియమైనప్పుడు కంపెనీలు మేతలో సోయా వాటా పెంచుతాయి. ప్రొటీన్ శాతం బస్తా మీద అంతే కనిపిస్తుంది, రొయ్యకు రుచి మాత్రం తగ్గవచ్చు. కొత్త లాట్ వచ్చిన మొదటి వారం చెక్ ట్రేలు ఒకటి రెండు ఎక్కువ పెట్టి, రెండు గంటల తర్వాత ఎంత మిగిలిందో రాసుకోండి. పాత లాట్ కన్నా ఎక్కువ మిగులుతుంటే ఆ బస్తా నంబరు చెప్పి డీలర్‌ను నిలదీయండి.