కార్డు ఇద్దరికీ చూపించు

చి.ల.సౌ. స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్లో సగం చెప్పావు, సగం మింగేశావు. బుజ్జిదానికి బోర్డు సరిగ్గా కనిపించడం లేదని బడి నుంచి కాగితం వచ్చిందన్నావు. అల్లుడి ఉద్యోగంతో పాటు కంపెనీ ఇన్సూరెన్సు కూడా పోయిన సంగతి మాత్రం మీ అమ్మ చెబితే తెలిసింది. చివర్లో గొంతు తగ్గించి, "పిల్లకి మెడి-కాల్ బీమా వచ్చింది పెద్దమ్మా, కానీ ఆ కార్డు పట్టుకుని షాపుకెళ్లాలంటే ఎలాగో ఉంది" అన్నావు. అందుకే రాస్తున్నాను. రాసిందైతే షాపులో నిలబడి కూడా తీసి చూసుకోవచ్చు.

ఫ్రెస్నోలో కళ్లజోళ్ల కౌంటర్ వెనక పదకొండేళ్లు నిలబడ్డదాన్ని నేను. ఆ కార్డుతో వచ్చినవాళ్లలో ద్రాక్షతోటల్లో పనిచేసేవాళ్లున్నారు, లారీ డ్రైవర్లున్నారు, కాలేజీ పిల్లలున్నారు, నిన్నమొన్నటిదాకా సొంత మోటెల్ నడిపి దెబ్బతిన్నవాళ్లూ ఉన్నారు. కంప్యూటర్లో నంబరు కొట్టి ఆ పూట కార్డు చెల్లుతోందో లేదో చూడటమే మా పని, అంతకుమించి ఎవరి ముఖం మేం చూసింది లేదు. ఇన్నేళ్లు నీ జీతంలోంచీ అల్లుడి జీతంలోంచీ పోయిన పన్నులే కదా ఇవి. పిల్ల ఇక్కడ పుట్టింది, దాని హక్కు అది వాడుకుంటోంది.

ఒక సంగతి ముందే తెలుసుకో. మెడికెయిడ్ అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. అది 1965లో పుట్టింది, మన కాలిఫోర్నియాలో దాన్నే మెడి-కాల్ అంటారు. పెద్దవాళ్లకి కళ్లజోడు ఇవ్వాలా వద్దా అన్నది ఆయా రాష్ట్రాల ఇష్టం. 21 ఏళ్లలోపు పిల్లలకి మాత్రం ఏ రాష్ట్రమైనా కంటి పరీక్ష చేయించి, అవసరమైతే కళ్లజోడు ఇచ్చి తీరాలి. ఆ తేడా నాకు బాగా తెలుసు. 2009లో ఇక్కడ డబ్బుల్లేవని పెద్దవాళ్ల కళ్లజోళ్లు చాలావరకు ఎత్తేశారు. మనవణ్ణి తీసుకొచ్చిన ముసలాయనకి "మీ వాడికుంది తాతా, మీకు లేదు" అని నా నోటితో ఎన్నిసార్లు చెప్పానో. నేను ఉద్యోగం మానేసిన మరుసటి నెల, 2020 జనవరిలో, తిరిగి ఇచ్చారు. నా టైమింగ్ ఎప్పుడూ అంతే.

ఇప్పుడు అసలు సంగతి. పెద్ద షాపుల్లో కళ్లజోళ్ల విభాగంలోకి అడుగుపెడితే ఒకటే తలుపు, ఒకటే బోర్డు ఉంటాయి. లోపల మాత్రం చాలాచోట్ల వ్యాపారాలు రెండు. కళ్లు పరీక్షించే డాక్టరు ఆ గది అద్దెకు తీసుకుని సొంతంగా నడుపుకునే మనిషి. ఫ్రేములమ్మే కౌంటర్ షాపువాళ్లది. డాక్టరు మెడి-కాల్ తీసుకున్నంత మాత్రాన కౌంటర్ తీసుకోవాలని లేదు, కౌంటర్ తీసుకుంటే డాక్టరు తీసుకోవాలనీ లేదు.

ఇది నేను డబ్బు కట్టి నేర్చుకున్న పాఠం. 2006లో, పెదనాన్న గుండె ఆపరేషనై ఇంట్లో ఉన్న ఏడాది, మేమూ ఆ కార్డు మీదే ఉన్నాం. ఆయన్ని ఒక షాపుకి తీసుకెళ్లాను, పేరు ఎందుకులే. డాక్టరు దగ్గర కార్డు చూపించాం, పరీక్ష అయింది, పైసా అడగలేదు. ఆ ఊపులోనే పక్కనున్న కౌంటర్‌కి వెళ్లి ఫ్రేము ఎంచుకున్నాం. బిల్లు 212 డాలర్లు. కార్డు కొంత కట్టగా మిగిలింది అంతేమో అనుకుని, నోరు మూసుకుని కట్టేసి వచ్చాను. ఆ కౌంటర్ అసలు మెడి-కాల్‌లో లేనే లేదని ఆర్నెల్ల తర్వాత తెలిసింది. డాక్టరు రాసిన అద్దాల చీటీ చేత్తో పట్టుకుని నాలుగు వీధులవతల ఇంకో షాపుకి వెళ్లుంటే ఖర్చే ఉండేది కాదు. ఆ 212 డాలర్లు ఇప్పటికీ నాకు గుర్తొస్తూనే ఉంటాయి, పెదనాన్నకి మాత్రం గుర్తులేదు.

కాబట్టి ఇంట్లోంచి కదలకముందే ఫోన్ చెయ్యి. నీ దగ్గర రెండు కార్డులుంటాయి, ఒకటి రాష్ట్రం ఇచ్చిన మెడి-కాల్ కార్డు, ఇంకోటి హెల్త్ ప్లాన్ పంపింది. ప్లాన్ కార్డు వెనకున్న నంబరుకి చేసి, కళ్ల సంగతి ఎవరు చూస్తారో అడుగు. చాలా ప్లాన్లు ఈ పని వి.ఎస్.పి., మార్చ్ విజన్ లాంటి కంపెనీలకి అప్పజెబుతాయి. షాపువాళ్లు అడిగేది ఆ కంపెనీ పేరే. నీకు ఇంగ్లీషు ఇబ్బంది లేదనుకో, కానీ మీ అత్తగారు చెయ్యాల్సి వస్తే తెలుగు దుబాసీ కావాలని అడగమను. ఫోన్ మీద ఉచితంగా ఇవ్వాలి.

పేరు తెలిశాక షాపులకి చెయ్యి. వాల్‌మార్ట్, టార్గెట్, లెన్స్‌క్రాఫ్టర్స్, ఏదైనా సరే, "మీ కంపెనీ మెడికెయిడ్ తీసుకుంటుందా" అని అడగొద్దు. ఒకే కంపెనీలో ఈ వీధి షాపు తీసుకుంటుంది, ఆ వీధి షాపు తీసుకోదు. "ఈ బ్రాంచిలో డాక్టరు ఈ ప్లాన్ తీసుకుంటారా? ఫ్రేముల కౌంటర్ కూడా తీసుకుంటుందా? ఏడేళ్ల పిల్లకి పరీక్ష చేస్తారా? పిల్లల సైజులో ఈ ప్లాన్ కిందకొచ్చే ఫ్రేములు ఇప్పుడు మీ దగ్గరున్నాయా?" ఇలా అడుగు. చెప్పినవాళ్ల పేరూ తేదీ రాసుకో. ఆన్‌లైన్ జాబితాను నమ్మి బయల్దేరకు, అందులో డాక్టర్లు మారిపోయి ఏడాదైనా పేర్లు అలాగే ఉంటాయి. చుట్టుపక్కల పెద్ద షాపులేవీ కుదరకపోతే సొంతంగా క్లినిక్ పెట్టుకున్న ఆప్టొమెట్రిస్టుని, అంటే కళ్లు పరీక్షించి అద్దాలు రాసే డాక్టర్ని, చూడు. పరీక్షా కళ్లజోడూ ఒకేచోట అయిపోతాయి, పిల్లల్తో ఓపిగ్గా కూడా ఉంటారు.

పరీక్షకి ఉదయం పూట తీసుకెళ్లు. కంట్లో చుక్కలు వేస్తే కొన్ని గంటలపాటు దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి, ఎండ చూడలేదు. ఆ రోజు హోంవర్కు అనకు. ఒక టోపీ తీసుకెళ్లు.

అయ్యాక చీటీ తీసుకోకుండా గదిలోంచి బయటికి రాకు. నువ్వు అడక్కపోయినా, ఎక్కడ కొంటావో చెప్పకపోయినా, వేరే డబ్బు తీసుకోకుండా డాక్టరు చీటీ చేతికివ్వాలని ఫెడరల్ నిబంధన 1978 నుంచీ ఉంది. 2024లో దాన్ని ఇంకా గట్టి చేశారు, చీటీ ముట్టిందని నీ సంతకం కూడా తీసుకోవాలి. చీటీలో ఓడి అంటే కుడి కన్ను, ఓఎస్ అంటే ఎడమ. మొదటి అంకె ముందు మైనస్ ఉంటే దూరం ఆనడం లేదని అర్థం. నల్లగుడ్ల మధ్య దూరం, పి.డి. అంటారు, అది కూడా వేసిమ్మని అడుగు. అది ఇచ్చి తీరాలని నిబంధన లేదు, కానీ మర్యాదగా అడిగితే చాలామంది ఇస్తారు. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇక ఫ్రేము. గోడ మీద వెలుగుతున్నవన్నీ చూసి పిల్ల చెయ్యి చాపుతుంది. ప్లాన్ కిందకొచ్చేవి సాధారణంగా అక్కడుండవు. మా షాపులో అవి కౌంటర్ కింద, రెండో సొరుగులో ఒక బూడిదరంగు ట్రేలో ఉండేవి. అడిగినవాళ్లకే బయటికొచ్చేవి. అందుకని పిల్లని గోడ దగ్గరకి వదలకముందే "ఈ ప్లాన్‌కి వచ్చేవి ముందు చూపించండి" అని అడుగు. ట్రేలోవి చూడ్డానికి సాదాగా ఉంటాయి కానీ నాసిరకం కాదు.

పెట్టి చూసేటప్పుడు రంగు పిల్లకి వదిలెయ్యి, మిగతాది నువ్వు చూడు. మన పిల్లలకి ముక్కు దూలం ఇంకా లేచి ఉండదు, ఫ్రేము జారి ముక్కు కొస మీద కూర్చుంటుంది. అప్పుడు పిల్ల అద్దం పైనుంచి చూడటం మొదలెడుతుంది, పెట్టుకున్నా పెట్టుకోనట్టే. కాబట్టి తల వంచి నేల చూడమను. జారిందా, అది వద్దు. ఎదురుగా నిలబడి చూడు, నల్లగుడ్డు అద్దం మధ్యకి దగ్గరగా ఉండాలి. నవ్వమను. బుగ్గలు ఫ్రేముని పైకి తోస్తే అది పెద్దదని లెక్క. కాడలు కణతల్ని నొక్కకూడదు. "పెరిగే పిల్ల కదా" అని సైజు పెద్దది తీసుకుంటారు మనవాళ్లు, గౌను కొన్నట్టు. కళ్లజోడుకి ఆ లెక్క పనికిరాదు.

అద్దం పాలీకార్బొనేట్ కావాలని చెప్పు. బంతి తగిలినా పగిలి కంట్లో గుచ్చుకోదు.

తర్వాత అసలు పరీక్ష మొదలవుతుంది, ఈసారి నీకు. యాంటీ-గ్లేర్ కావాలా, బ్లూ లైట్ కోటింగ్ కావాలా, గీతలు పడకుండా ఇంకోటి కావాలా, అని చాలా ప్రేమగా అడుగుతారు. నేనూ అలాగే అడిగేదాన్ని, నెలకిన్ని అమ్మాలని మాకు లెక్కలుండేవి. బ్లూ లైట్ అద్దాలు అవసరమని అమెరికా కంటి డాక్టర్ల సంఘం చెప్పడం లేదు, పిల్లకి అస్సలొద్దు. ప్లాన్ ఇచ్చేదానికి పిల్లల దగ్గర పైసా కూడా తీసుకోకూడదన్నది మెడి-కాల్ నియమం. ఇవ్వని వాటికి డబ్బడుగుతారు, దానికి నీ సంతకం తీసుకుంటారు. నువ్వు ఒకటే మాట పట్టుకో, "ప్లాన్ ఇచ్చేది మాత్రం చాలు. దానికి నేను కట్టాల్సింది ఎంత?" సున్నా అని రాకపోతే, ఏది కవరైంది, ఏది కాలేదు, ఒక్కో వరసకీ ఎంత అని కాగితం మీద అడుగు. కాగితం అడిగేసరికి చాలా వరసలు వాటంతటవే మాయమైపోతాయి. తెలియకుండా సంతకం పెట్టకు.

"గంటలో కళ్లజోడు" అన్న బోర్డు నీకు వర్తించదని ముందే పిల్లకి చెప్పు. మెడి-కాల్ అద్దాలు చాలావరకు ఈ రాష్ట్రం జైళ్లలో ఖైదీలు పనిచేసే ల్యాబుల్లో తయారవుతాయి, షాపు ఆర్డరు అక్కడికి వెళ్లి తిరిగొస్తుంది. మా దగ్గరికి ఆ పెట్టెలొచ్చేవి, ప్రతి జతా విడిగా కాగితంలో చుట్టి, లోపల పవర్ రాసిన చీటీతో. ఎవరు రుద్దిన అద్దమో అనుకుంటూ విప్పేదాన్ని. ఈలోగా పిల్లని ముందు బెంచీలో కూర్చోబెట్టమని టీచరుకి రెండు ముక్కలు రాసి పంపు. ఆర్డరు నంబరు రాసుకుని, చెప్పిన తేదీ దాటగానే షాపుకి చెయ్యి. అక్కడా కదలిక లేకపోతే ప్లాన్‌కి చేసి ఫిర్యాదు నమోదు చెయ్యమను.

పి.డి. దేనికంటే, రెండో జత కోసం. ఏడేళ్ల పిల్ల కళ్లజోడు ఎంతకాలం దక్కుతుందో నీకూ తెలుసు. ఆన్‌లైన్లో జెన్నీ లాంటిచోట ఫ్రేములు చవగ్గా దొరుకుతాయి, చీటీ, పి.డి. ఉంటే ఇంట్లో పడుండటానికి ఒక జత చేయించుకోవచ్చు. కార్డు మీద మామూలుగా 24 నెలలకి ఒక జత. మధ్యలో పవర్ మారినా, మన తప్పు లేకుండా పోయినా, బాగుచెయ్యలేనట్టు విరిగినా, ఎలా జరిగిందో రాసిస్తే మళ్లీ ఇస్తారు. "స్కూలు మైదానంలో పడి కుడి కాడ విరిగింది" అని తేదీ వేసి రాయి, చాలు. విరిగిన ముక్కలు పారెయ్యకు.

అన్నట్టు, మెడి-కాల్ రెన్యూవల్ కాగితాలు పోస్టులో వస్తాయి. ప్రకటనల కట్టలో పడేసుకోకు. గడువు దాటితే కార్డు ఆగిపోతుంది, అది షాపు కౌంటర్ దగ్గర బయటపడుతుంది.

మీ ఇద్దరి సంగతి వేరు. గ్రీన్‌కార్డు మీద ప్రభావం ఉంటుందేమోనని అల్లుడు భయపడుతున్నాడట. గ్రీన్‌కార్డు అడిగేవాళ్లు ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా అని చూసే పబ్లిక్ చార్జ్ నిబంధన ఒకటుంది, 2022లో వచ్చిన దాంట్లో పిల్ల వాడుకున్నది తల్లిదండ్రుల లెక్కలోకి రాదని ఉంది. కానీ ప్రభుత్వాలు మారితే నిబంధనలూ మారతాయి, మీ పేర్ల మీద ఏదైనా దరఖాస్తు పెట్టేముందు మీ ఇమిగ్రేషన్ లాయర్ని ఒక్క మాట అడగండి. నా మాట మీద మాత్రం వెళ్లకండి, నేను కళ్లజోళ్లదాన్ని. మీ అమ్మ విజిటర్ వీసా మీద వస్తోంది కదా, దాని పేరు ఇందులో ఎక్కడా పెట్టొద్దు. చత్వారం అద్దాలు గుంటూరులోనే రెండు జతలు చేయించుకుని రమ్మను. ఒకటి విమానంలో మరిచిపోతుంది, నాకు తెలుసు.

జోడు వచ్చిన రోజు తీసుకుని వెంటనే కారెక్కకు. పిల్లకి పెట్టి, దూరంగా ఉన్న బోర్డు చదివించు. చెవి వెనక కాడ వంపు అక్కడే సరిచేయించు, దానికి డబ్బు తీసుకోరు. వారం తర్వాత చెవి వెనక ఎర్రగా ఉందేమో చూసి, ఉంటే మళ్లీ తీసుకెళ్లు.

డాక్టరు దగ్గర్నుంచి రాగానే చీటీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, చూసి చెప్తాను. ట్రేలో ఫ్రేములు ఏది తీసుకోవాలో తేలకపోతే వీడియో కాల్ చెయ్యి. శనివారం పొద్దున పదింటి తర్వాతైతే నేను ఖాళీయే.

మీ
పెద్దమ్మ