స్టార్టప్ లిస్టులోంచి తీసేసినా లాగిన్ అవగానే ప్రోగ్రామ్ ఎందుకు తెరుచుకుంటోంది?

లినక్స్‌లో వాడే ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌లో ఇలా జరిగితే, చాలావరకు ఆ ప్రోగ్రామ్ వస్తున్నది స్టార్టప్ లిస్టు నుంచి కాదు, గతంలో సేవ్ అయిన సెషన్ నుంచి.

ఈ రెండూ వేరు వేరు. స్టార్టప్ లిస్టులో ఉన్నవి ప్రతి లాగిన్‌కూ మొదలవుతాయి. మీరు చేర్చిన ఒక్కోదానికి మీ హోమ్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫోల్డర్ కింద, ఆటోస్టార్ట్ ఫోల్డర్‌లో చిన్న ఫైలు ఉంటుంది. సెషన్ అంటే లాగౌట్ అయ్యే సమయానికి తెరిచి ఉన్న ప్రోగ్రాముల జాబితా. అది క్యాష్ ఫోల్డర్‌లో పడుతుంది. ఒకచోట తీసేస్తే రెండోచోట పోదు.

ఉదాహరణకు, లాగౌట్ పెట్టెలో ‘సేవ్ సెషన్ ఫర్ ఫ్యూచర్ లాగిన్స్’ అనే టిక్ ఉంటుంది. ఆ టిక్ ఉండగా, టెర్మినల్, ఫైల్ మేనేజర్ థునార్ తెరిచి ఉంచి లాగౌట్ అయ్యారనుకోండి. మర్నాడు అవి రెండూ మళ్లీ వస్తాయి. చాలామంది ఇక్కడే పొరబడతారు: ఆ టిక్ తీసేస్తే చాలనుకుంటారు. టిక్ తీస్తే కొత్త జాబితా సేవ్ కాదు, అంతే. పాతది చెక్కుచెదరకుండా ఉండి, ప్రతి లాగిన్‌కూ అవే కిటికీలు తెరుస్తూనే ఉంటుంది.

అందుకే సెట్టింగ్స్‌లో ‘సెషన్ అండ్ స్టార్టప్’ తెరిచి, సేవ్ అయిన సెషన్లను క్లియర్ చేయండి. ఆ తర్వాత టిక్ లేకుండా లాగౌట్ అవ్వండి. ఫైళ్లు పోతాయేమోనని టెన్షన్ అక్కర్లేదు, చెరిగేది ఆ జాబితా ఒక్కటే.