క్రోషే (కొక్కెం సూదితో నూలు అల్లిక) చేసేవాళ్ళని యాడ్స్‌లో చూపించే తీరు వాళ్ళకి ఎందుకు నచ్చదు?

కళ్ళజోడు బామ్మ, ఊగే కుర్చీ, ఒళ్ళో పిల్లి, ఇదే కదా యాడ్స్‌లో కనిపించేది. నిజం చెప్పాలంటే బామ్మని చూపించారని నాకేం కోపం లేదు, ఇది చాలామందికి నేర్పింది వాళ్ళే, కోపం ఎక్కడొస్తుందంటే ఆవిడని జోక్‌గా వాడి "మా వస్తువు కొనకపోతే మీ బతుకూ ఇంతే" అన్నట్టు చూపించినప్పుడు. మగవాళ్ళు అల్లితే అదింకో పెద్ద కామెడీ.

ఇంకా పెద్ద చిరాకు, చేతిలో ఏముందో కూడా చూసుకోరు. క్రోషేకి ఒకటే సూది, దాని చివర చిన్న కొక్కెం ఉంటుంది, ఒక కుట్టు పూర్తయ్యాకే తర్వాతది మొదలవుతుంది. వరసలో కుట్లన్నీ సూది మీదే నిలబెట్టుకుంటూ రెండు సూదులతో అల్లేది నిట్టింగ్. యాడ్‌లో మాత్రం ఒళ్ళో క్రోషే దుప్పటి, చేతిలో రెండు నిట్టింగ్ సూదులు, అవి టకటకా కొట్టుకుంటూ ఉంటాయి, గరిటె తిరగేసి పట్టుకుని వంట చేస్తున్నట్టు!

పైగా నిట్టింగ్‌కి మెషిన్లున్నాయి గానీ చేతి క్రోషేని అచ్చంగా చేసే మెషిన్ మార్కెట్లో లేదు, అంటే షాపులో చవగ్గా దొరికే టాప్ కూడా నిజంగా క్రోషేదే అయితే ఎవరో గంటలు గంటలు కూర్చుని చేత్తో అల్లిందే, దాన్ని పనిలేనివాళ్ళ కాలక్షేపం అంటే మండదా మరి. 1997లో డైనా టైమినా అనే గణిత ప్రొఫెసర్ హైపర్బోలిక్ తలం (అంచులకి వెళ్ళేకొద్దీ కుచ్చిళ్ళలా ముడతలు పడే వంపు తలం) ఎలా ఉంటుందో చూపించడానికి, కాగితం మోడల్స్ ఇట్టే పాడైపోతున్నాయని, క్రోషేతోనే మోడల్స్ అల్లారు. ఇలాంటిది ఏ యాడ్‌లోనూ నేనైతే చూడలేదు.