కూరగాయలతో చేసిన కేక్ నిజంగా తినబుద్ధి అవుతుందా? ఇంట్లో చేసినవాళ్లు చెప్పండి

తినబుద్ధి అవుతుందండీ. మా ఇంట్లో మామూలు కేక్ రెండు రోజులుంటుంది కానీ క్యారెట్ కేక్ మర్నాటికి మిగలదు. ఆరేళ్లుగా చేస్తున్నాను. మొదట్లో కుక్కర్ అడుగున ఇసుక పోసి, విజిలూ గ్యాస్కెట్టూ తీసేసి చేసేదాన్ని. ఇప్పుడు చిన్న ఓటీజీ (కరెంటు ఓవెన్) ఉంది.

కేక్‌లో కూర వాసన వస్తుందేమో అని చాలామంది అడుగుతారు. క్యారెట్ హల్వా తినేటప్పుడు ఎవరికీ ఆ అనుమానం రాదు కదా! సొరకాయ హల్వా ఉంది, తీపి గుమ్మడికాయకి బెల్లం పెట్టి వండే కూర ఉంది. కూరగాయల్లో తీపి మన నాలుకకి ఎప్పటినుంచో తెలుసు.

క్యారెట్ వల్ల కేక్‌కి రుచి కంటే తేమ ఎక్కువ కలిసొస్తుంది. క్యారెట్‌లో దాదాపు 88 శాతం నీరే. వేడికి ఆ నీరు మెల్లగా పిండిలోకి దిగుతుంది కాబట్టి గుడ్డు వేయకపోయినా కేక్ పొడిబారదు. మా అత్తయ్యగారు గుడ్డు ముట్టరు. అసలు నేను ఇది మొదలుపెట్టిందే ఆవిడ కూడా తినాలని.

ఆదివారం భోజనాలయ్యాక ఆవిడే పీట వేసుకుని కూర్చుని క్యారెట్ తురుముతారు. మిక్సీలో వేసేస్తానంటే ఒప్పుకోరు. "ముద్దయిపోతుందమ్మా, తురుము విడివిడిగా ఉండాలి" అంటారు. నిజమే, మిక్సీలో తిప్పితే నీరంతా ఒక్కసారే బయటికొచ్చి కేక్ జిగటగా వస్తుంది. సన్న రంధ్రాల వైపు తురుముతుంటే పళ్లెంలో నారింజ రంగు కుప్ప పెరుగుతుంది, ఆవిడ వేళ్ల చివర్లు పసుపు పూసినట్టు అవుతాయి. చేతిలో పట్టు దొరకని ఆఖరి ముక్క మాత్రం మా అమ్మాయిది. దానికోసమే పక్కన కాచుకుని కూర్చుంటుంది. నాకు కేక్ తినడం కంటే ఆ అరగంటే ఎక్కువ ఇష్టం.

నా కొలతలు ఇవి. ముప్పావు కప్పు పెరుగు, ముప్పావు కప్పు పంచదార, అరకప్పు వాసన లేని నూనె బాగా కలిపి, అందులో కప్పున్నర మైదా, టీస్పూన్ బేకింగ్ పౌడర్, అర టీస్పూన్ వంటసోడా, చిటికెడు ఉప్పు జల్లించి వేస్తాను. యాలకులు, దాల్చినచెక్క పొడి కొంచెం. చివర్లో కప్పున్నర క్యారెట్ తురుము, గుప్పెడు జీడిపప్పు. పిండి పడ్డాక ఎక్కువ తిప్పకండి, గట్టిపడిపోతుంది. ముందే వేడిచేసిన ఓవెన్‌లో 170 డిగ్రీల మీద 40 నుంచి 45 నిమిషాలు. పుల్ల గుచ్చితే శుభ్రంగా రావాలి. క్యారెట్ తురుము మరీ తడిగా ఉంటే పెరుగు రెండు చెంచాలు తగ్గించండి. వెన్న బదులు నూనె ఎందుకంటే, ఫ్రిజ్‌లో పెట్టినా కేక్ గట్టిపడదు.

బీట్‌రూట్ నన్ను మొదట ఏడిపించినంత పని చేసింది. అమ్మాయి పుట్టినరోజుకి రంగు కలపకుండానే ఎర్ర కేక్ చేద్దామనుకున్నాను. పిండి కలిపితే గోరింటాకు పండినట్టుంది, ఓవెన్ నుంచి తీస్తే మట్టి రంగు! బీట్‌రూట్ రంగు వేడికీ సోడాకీ నిలవదని తర్వాత తెలిసింది. నిమ్మరసం, పెరుగు వేసి సోడా తగ్గిస్తే కొంత నిలుస్తుంది కానీ పూర్తిగా నిలవదు. అప్పటినుంచి కోకో పౌడర్‌తోనే చేస్తున్నాను, రంగు బెంగ లేదు. అసలు ఆ రెండింటి జోడీ చాలా బాగుంటుంది. బీట్‌రూట్‌లో ఒక మట్టి వాసన ఉంటుంది చూడండి, తొలకరికి నేల నుంచి వచ్చే వాసనలో ఉన్న జియోస్మిన్ అనే పదార్థమే దానికీ కారణం. కోకో చేదు పక్కన చేరితే ఆ వాసన చాక్లెట్‌కి ఇంకాస్త లోతు తెస్తుంది. ఉడికించి మెత్తగా చేసిన గుజ్జు ముప్పావు కప్పు చాలు, దానికి తగ్గట్టు పెరుగు సగానికి తగ్గించండి.

సొరకాయ కేక్ చేసేవాళ్లకి ఒక్క మాట. తురిమే ముందు చిన్న ముక్క కొరికి చూడండి. చేదుగా ఉంటే వెంటనే ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి, చేదు సొరకాయ కడుపులోకి పోతే ప్రమాదం. మంచిదైతే తురిమి, గట్టిగా పిండి నీరు తీసేయండి. నేను మొదటిసారి పిండకుండా వేస్తే కేక్ నడిమధ్య కుంగిపోయి లోపల పచ్చిగా ఉండిపోయింది. సొరకాయకి సొంత రుచి తక్కువ కాబట్టి నిమ్మతొక్క తురుము, యాలకులు ఎక్కువే పట్టిస్తాను.

తీపి గుమ్మడికాయని మాత్రం నీళ్లలో వేసి ఉడికించకండి, ఆవిరి మీద ఉడికించి మెదపండి. పంచదార బదులు బెల్లం, కొంచెం శొంఠి. అంతే.

పిల్లలకి తెలియకుండా కూరగాయ తినిపించడానికే ఇది అనుకుంటే నేను ఒప్పుకోను. మా అమ్మాయికి ఏం వేశామో తెలుసు, తనే కలుపుతుంది. అలాగే కూరగాయ వేశాం కదా అని అందులో మైదా, పంచదార లేకుండా పోవు. షుగర్ ఉన్నవాళ్లు మామూలు కేక్ విషయంలో ఎంత జాగ్రత్తగా ఉంటారో ఇక్కడా అంతే ఉండాలి.

మొదటిసారైతే క్యారెట్‌తోనే మొదలుపెట్టండి. వేడి మీద కోస్తే పొడిపొడిగా విరుగుతుంది, పూర్తిగా చల్లారనివ్వండి. వీలైతే సగం దాచండి, తేమంతా సర్దుకుని మర్నాడు రుచి ఇంకా బాగుంటుంది. అత్తయ్యగారు తన ముక్క చిన్న స్టీలు డబ్బాలో పెట్టుకుని, పొద్దున్న కాఫీతోనే తింటారు.