దొడ్డి గుమ్మం ఎక్కడమ్మా?

అమలాపురం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. కూలిపోయిన మండువా లోగిలిని పదే పదే గీసే ముసలి చిత్రకారుడు ఒకవైపు, అచ్చం అదే ఇంటిలా కట్టిన రిసార్టులో రీల్స్ తీసుకునే కుర్రకారు ఇంకోవైపు. వస్తువు మంచిది. కానీ నీ కొరడా అంతా ఒక పక్కనే పడింది. ఫోను పట్టుకున్నవాడల్లా వెర్రివాడు, కుంచె పట్టుకున్నవాడు రుషి. నా అభ్యంతరం ఇక్కడే.

ఆ చిత్రకారుడి జ్ఞాపకాన్ని కూడా నిలదియ్యి. అతని బొమ్మలో మండువాలోకి వాన ధార పడుతోంది, అరుగు మీద తాతగారున్నారు, దూలాలు నిగనిగలాడుతున్నాయి. సరే. దొడ్డి గుమ్మం ఏది? పాలేరు ఎక్కడ కూచుని అన్నం తినేవాడు? అంట్లు తోమే ఆవిడ ఏ దారిన వచ్చేది? అరుగు దాకా కూడా రానివ్వనివాళ్లు ఆ ఇంటిని ఎక్కణ్ణించి చూశారు? అతనికి ఇవి గుర్తు లేవా, గుర్తుండీ గీయలేదా? ఈ ప్రశ్న అతనికి నిద్ర పట్టనివ్వకూడదు. రిసార్టు వాడూ ఆ గుమ్మం పెట్టలేదు, ఇతనూ పెట్టలేదు. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే వ్యంగ్యం కోసం నువ్వు వేరే కష్టపడక్కర్లేదు.

రిసార్టు బోర్డు మీద ‘అనాదిగా ఇదే పచ్చదనం’ అని రాయించి ముందుకెళ్లిపోయావు. అక్కడ ఆగాల్సింది. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. మనం చూస్తున్న ఈ వరిచేల డెల్టా కాలవలతో వచ్చింది. అంతకు ముందు ఇదే గోదావరి ప్రాంతం కరువులకు జనాన్ని పోగొట్టుకుంది. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి కోనసీమలో కొబ్బరి తోటలు ఎలా పడిపోయాయో మీ నాన్నగార్ని అడుగు, గంట చెబుతారు. అమ్ముడుపోయే జ్ఞాపకంలో కరువూ ఉండదు, తుఫానూ ఉండదు. మన కాలం మీద నీకున్న కోపం ఇలాంటి చోట చూపించు.

ఇక కళాపిచ్చి. గెడ్డం, ఏటి ఒడ్డు, అరకప్పు టీ – వీటితో పని అవదు. రాజమండ్రి వెళ్లి చిత్రకారుడు దామెర్ల రామారావు గారి గ్యాలరీ చూడు. 1925లో మశూచితో పోయేనాటికి ఆయనకు ఇంకా ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. పెద్ద బొమ్మల దగ్గరే ఉండిపోకుండా పెన్సిలు గీతల దగ్గర కూడా నిలబడు. పిచ్చి అంటే ఆ చెయ్యి చేసిన చాకిరీ. నీ కథలో చిత్రకారుడు పేజీలకి పేజీలు బాధపడతాడు గానీ, రంగు కలుపుతూ ఒక్కసారీ కనపడడు. పాత గోడ సున్నం రంగు అతనికి ఎందుకు కుదరడం లేదో రాయి. ఎన్ని తెలుపులు కలిపి చూశాడో, ఏది చూసి విసిరికొట్టాడో రాయి.

జగ్గన్నతోట తీర్థం సీను మాత్రం పూర్తిగా మార్చు. కనుమ నాడు పదకొండు ఊళ్ల రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ణి పెట్టి భుజాల మీద మోసే ఎత్తైన అలంకార కట్టడాలు, కదిలొస్తుంటే నువ్వు ‘వేల సెల్‌ఫోన్లు పైకి లేచాయి’ అని ఒక్క వాక్యంలో దాటేశావు. అది ఎవరైనా రాస్తారు. గంగలకుర్రు ప్రభ కౌశిక ఏరు దాటే చోటుకి దిగు. మోతకర్ర భుజం మీద ఒరుసుకుంటోంది, కాలి కింద బురద జారుతోంది, ‘అశ్శరభ శరభ’ అని అరుస్తూ మోస్తున్నారు. వాళ్లలో ఒక కుర్రాడి ఫోను, తడవకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి, తలపాగాలో ఉందనుకో. గట్టెక్కగానే తీసి వీడియో పెడతాడు. ఆ భుజం వాపు కూడా నిజమే, ఆ వీడియో యావా నిజమే. వీణ్ణి వెక్కిరిస్తావా, దణ్ణం పెడతావా? రెండూ ఒకే పేరాలో చెయ్యగలిగితే చెయ్యి.

కథంతా తిరగరాయడం అయ్యేదాకా ఎదురుచూడక్కర్లేదు. ముందు ఆ కుర్రాడి సీను ఒక్కటీ రాసి పంపు, చూస్తాను.

ఇట్లు,
మాస్టారు