వాగులో ఎముక కనపడితే

బిడ్డా రమ్యా,

వేమనపల్లి వైపు వాగుల్లో రాక్షసబల్లి ఎముకలు వెతుకుతానన్నావని మీ అమ్మ చెప్పింది. హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అనే రాక్షసబల్లి అటువైపు యామన్‌పల్లి నేలలో దొరికినదే కాబట్టి నీ ఆశ తప్పు కాదు. నాకు సంతోషమే, భయమూ ఉంది. భయం సంగతి చివర్లో చెప్తాను.

వానలు తగ్గి నీళ్లు దిగాక, నవంబరు తర్వాత వెళ్లు. కొత్తగా కోసుకుపోయిన గట్లు అప్పుడే కనపడతాయి. పొద్దున ఏటవాలు ఎండలో చూడు.

ఎర్ర బంకమట్టి నేలలో సున్నపు గడ్డలు బోలెడుంటాయి. గుండ్రటి గడ్డ దొరకగానే రాక్షసబల్లి గుడ్డు అని ఫోన్ చేయకు. విరిగిన అంచున స్పంజిలాంటి సన్నటి రంధ్రాలుంటే అది ఎముక కావచ్చు. సున్నపురాయి మీద ఫెర్న్ ఆకుల్లాంటి నల్లటి గీతలు మాంగనీసు మరకలు, ఆకులు కావు.

అందరూ చేసే తప్పు ఒకటుంది. ముక్క కనపడగానే చుట్టూ ఉన్నవన్నీ ఏరి సంచిలో పోస్తారు. ఆ ముక్కలే దారి చూపేవి! వాగు వాటిని ఎగువ నుంచి తెచ్చింది. ప్రతి ముక్క దగ్గరా రంగు గుడ్డ కట్టిన పుల్ల గుచ్చి ఎగువకి నడువు. అంచులు అరిగి గుండ్రంగా ఉంటే దూరం నుంచి వచ్చింది, పదునుగా ఉంటే దగ్గరిదే. రెండు వాగులు కలిసేచోట రెండింట్లోనూ వెతుకు. ముక్కలు ఎక్కడ ఆగిపోతే అక్కడ వెనక్కి తిరిగి గట్టుని కింది నుంచి పైదాకా చూడు.

గట్టులో ఎముక కనపడిందా, లాగకు. లోపలంతా పగుళ్లే, చుట్టూ ఉన్న బంకమట్టే దాన్ని పట్టుకుని ఉంటుంది. లాగితే పొడి పిడకలా చిట్లుతుంది. నీళ్లతో కడిగితే మట్టి ఉబ్బి పగుళ్లు తెరుచుకుంటాయి. ఫెవిక్విక్ అసలే వద్దు, తర్వాత శుభ్రం చేసేవాళ్లకి అదొక శిక్ష. పక్కన పది రూపాయల బిళ్ల (27 మి.మీ.) పెట్టి దూరం నుంచి, మధ్య నుంచి, దగ్గర నుంచి మూడు ఫొటోలు తీయి. లొకేషన్, మట్టి రంగు, ఎముక ఏ పొరలో ఉందో, ఏ దిక్కుకి వాలిందో పెన్సిల్‌తో రాయి. పైన వదులు మట్టి కప్పి, హైదరాబాద్ బండ్లగూడలోని జియోలాజికల్ సర్వే ఆఫీసుకి కబురు పెట్టు. అడవి భూమిలో అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా గులకరాయి కూడా తేకు.

ఇంత చాదస్తం ఎందుకంటావా? ఈ ప్రాణహిత-గోదావరి లోయలోనే బారాపాసారస్ అనే మరో రాక్షసబల్లి ఎముకలు దాదాపు 300 దొరికాయి, కనీసం ఆరు జంతువులవి. పక్కనే పెద్ద మానుల శిలాజాలు. ఏది ఎక్కడ పడి ఉందో రాసిపెట్టారు కాబట్టే, ఆ మంద కలిసి చచ్చి వరదకి కొట్టుకొచ్చి ఉంటుందని తర్వాతివాళ్లు ఊహించగలిగారు. తల మాత్రం దొరకలేదు. నీకు దొరుకుతుందేమో, ఎవరు చూశారు!

ఇక నా భయం. కింద కోసుకుపోయిన గట్టు చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, పైన పగులు కనపడితే దాని కింద కూర్చోకు, సుత్తి వేయకు. ఎగువన మబ్బు పడితే నీ దగ్గర ఎండ కాస్తున్నా సరే, వాగులోంచి పైకి రా. అటు పులులు తిరుగుతాయి, ఒంటరిగా వెళ్తే నీ కాళ్లు విరగ్గొడతాను తల్లీ. ఊరివాళ్లలో ఒకరిని వెంటబెట్టుకో. ఫోన్ సిగ్నల్ ఉండదు, ఏ వాగు, ఎన్ని గంటలకి తిరిగొస్తావు అన్నది కాగితం మీద రాసి మీ అమ్మ చేతిలో పెట్టి వెళ్లు.

మీ మామయ్య